పొయ్యి వెలిగించే ముందు పావుగంట: ఆడవాళ్లకు టెన్షన్ తగ్గించే యోగా ఎలా చేయాలి?

యోగా చేయమంటే మా వైపు ఆడవాళ్ల నోట వచ్చే మొదటి మాట "తీరికెక్కడుందమ్మా" అని. టంగుటూరు దగ్గర పల్లెలో ఉండే మా పిన్నీ అదే అంది. పొగాకు గ్రేడింగ్ రోజుల్లో పొద్దున్నే పోయి, కింద కూర్చుని సాయంత్రం దాకా ఆకు ఏరి, ఇంటికొచ్చి అన్నం కూర వండి, అందరికీ పెట్టి పడుకుంటే ఆమెకు నిద్ర రాదు, పట్టినా పళ్లు బిగబట్టే పడుకుంటుంది, తెల్లారేసరికి దవడలు నొప్పి. అలాంటి మనిషికి గంటసేపు యోగా చెప్తే ఏం లాభం? పావుగంట, ఇరవై నిమిషాల్లో అయిపోయేది చెప్పాను. అదే ఇక్కడ రాస్తున్నాను.

ఒక్క సంగతి ముందు తెలుసుకోండి. టెన్షన్‌లో ఊపిరి పైపైనే గబగబా ఆడుతుంది, భుజాలు పైకి లేచిపోతాయి. నెమ్మదించమంటే మనసు వినదు, ఊపిరి మాత్రం మన మాట వింటుంది. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం కాస్త తగ్గుతుంది, అది వేగస్ అనే నాడి చేసే పని. అందుకే పీల్చేదానికంటే వదిలేది ఎక్కువసేపు ఉండాలి. ఇది పట్టుకుంటే ఆసనం అటూ ఇటూ అయినా ఫర్వాలేదు.

ఎప్పుడు? పరగడుపున, పొయ్యి వెలిగించకముందు. కుదరకపోతే తిన్న మూడు గంటల తర్వాత ఎప్పుడైనా. రోహిణీ కార్తె ఎండల్లో అయితే తెల్లవారుజామునే చేసుకోండి, మన నెల్లూరు, ఒంగోలు వైపు ఎనిమిదింటికే ఒళ్లంతా చెమట.

మొదట ఊపిరి. చాప మీద, మోకాళ్ల నొప్పులుంటే కుర్చీలో, వీపు నిటారుగా పెట్టి కూర్చోండి. ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి. బిగబట్టొద్దు. ఇలా ఐదు నిమిషాలు.

తర్వాత మార్జాలాసనం. చేతులు, మోకాళ్ల మీద పిల్లిలా వంగి, పీలుస్తూ నడుము కిందికి దించి తల పైకెత్తండి, వదులుతూ వీపు పైకి గుండ్రంగా లేపండి. పదిసార్లు చాలు.

ఇప్పుడు గోడకు కాళ్లు. కాళ్లు పైకి పెట్టే విపరీత కరణి అనే ఆసనంలో అందరూ తేలిగ్గా చేయగలిగిన పద్ధతి ఇది, నన్నడిగితే అన్నిటికంటే ముఖ్యం కూడా. గోడకు పక్కగా, తుంటి ఆనేలా కూర్చుని, మెల్లగా వెనక్కి వాలుతూ రెండు కాళ్లూ గోడ మీదికి చాపండి. తుంటి కింద మడతపెట్టిన దుప్పటి పెట్టుకుంటే నడుముకు హాయి. చీరతో ఇబ్బందే, నైటీ కింద ప్యాంటు వేసుకుంటే ధైర్యంగా పడుకోవచ్చు. రోజంతా నిలబడి పనిచేసేవాళ్ల కాళ్లలో దిగిన బరువు కాసేపటికే తేలికవుతుంది. కళ్లు మూసుకుని, పై పన్నుకూ కింది పన్నుకూ మధ్య సందు ఉందా లేదా అని ఒకసారి చూసుకోండి. పిన్నికి ఆ సందు ఎప్పుడూ ఉండేది కాదు, నాలుక వదులుగా ఉంచమన్నాక గానీ దవడ దిగలేదు. ఐదు నుంచి పది నిమిషాలు ఉండి, మోకాళ్లు మడిచి, పక్కకు తిరిగి లేవండి. ఉన్నపాటున లేస్తే తల తిరుగుతుంది.

చివర భ్రామరి. లేచి కూర్చుని, పెదాలు మూసి, ఊపిరి వదులుతూ తుమ్మెదలా "మ్మ్" అనాలి. ఐదారుసార్లు. ఇంట్లో వాళ్లు వింటే ఏమనుకుంటారో అని సిగ్గుపడకండి. ఆ తర్వాత రెండు నిమిషాలు శవాసనం, అంటే వెల్లకిలా పడుకుని ఒళ్లంతా వదులుగా వదిలేయడం, నిద్ర పట్టేసినా మంచిదే.

పిల్లల స్కూలు హడావుడిలో అన్నీ కుదరని రోజు, గోడ దగ్గర కాళ్లు పెట్టుకుని ఆ నాలుగు–ఆరు ఊపిరి ఒక్కటి చేసినా చాలు.

గర్భిణులు, బీపీ ఎక్కువున్నవాళ్లు, గ్లాకోమా (కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు) ఉన్నవాళ్లు కాళ్లు పైకి పెట్టే ముందు డాక్టరును అడగండి. వేసుకుంటున్న మందులు మీ అంతట మీరు ఆపొద్దు. వారాల తరబడి ఏడుపు ఆగకపోయినా, బతకాలని లేదనిపించినా అది యోగాతో నెట్టుకురావాల్సిన సంగతి కాదు, వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి, లేదా మానసిక సమస్యలకు ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. డబ్బులేం కట్టక్కర్లేదు, అర్ధరాత్రయినా పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.