ఫొటోషాప్ మూసేసినా ఆగని అడోబ్ ప్రాసెస్‌లు: సమస్య - పరిష్కారం

సమస్య

ఫొటోషాప్ తెరవనే లేదు. అయినా విండోస్ లోడ్ అయ్యాక ల్యాప్‌టాప్ చాలాసేపు మొరాయిస్తుంది, ఫ్యాన్ మోత ఆగదు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ చూస్తే కోర్ సింక్, సీసీఎక్స్‌ప్రాసెస్, అడోబ్ డెస్క్‌టాప్ సర్వీస్ అని తెరవెనుక నడిచే ప్రోగ్రామ్‌లు (ప్రాసెస్‌లు) వరసగా కనిపిస్తాయి. ర్యామ్ తక్కువున్న మెషీన్‌లో ఈ బరువు బాగా తెలుస్తుంది.

కారణం

ఫొటోషాప్ తయారుచేసే అడోబ్ కంపెనీ 2013లో చందా పద్ధతికి మారింది. అప్పటినుంచి ఫొటోషాప్ ఒక్కటే కావాలన్నా అడోబ్ యాప్‌లను ఇన్‌స్టాల్, అప్‌డేట్ చేసే క్రియేటివ్ క్లౌడ్ యాప్ కూడా దిగుతుంది, దాని వెంట పెళ్లివారిలా మిగతా పరివారం. కోర్ సింక్ పని క్లౌడ్ ఫైళ్లు, ఫాంట్లు సింక్ చేయడం. ఫొటోషాప్ హోమ్ స్క్రీన్‌కీ టెంప్లేట్లకీ సీసీఎక్స్‌ప్రాసెస్ కావాలి. జెన్యూన్ సర్వీస్ మీది దొంగ కాపీయా అని చూస్తుంది. ఇవన్నీ లాగిన్ అవగానే లేచి కూర్చోవాల్సిన అవసరమేమిటో మాత్రం అడోబ్‌కే తెలియాలి.

పరిష్కారం

ముందు క్రియేటివ్ క్లౌడ్ తెరిచి, ప్రిఫరెన్సెస్‌లో జనరల్‌కి వెళ్లి, లాగిన్‌లో లాంచ్ అయ్యే ఆప్షన్ ఆపేయండి. ఇది ఒక్కటే సరిపోదు. టాస్క్ మేనేజర్‌లోని స్టార్టప్ విభాగంలో సీసీఎక్స్‌ప్రాసెస్‌తో పాటు అడోబ్ పేరున్నవన్నీ డిజేబుల్ చేసి రీస్టార్ట్ చేయండి. ఆ తర్వాత ఫొటోషాప్ హోమ్ స్క్రీన్ సరిగా రాకపోతే సీసీఎక్స్‌ప్రాసెస్ ఒక్కదాన్నే మళ్లీ ఎనేబుల్ చేస్తే చాలు. అడోబ్ ఫాంట్లు వాడేవారు కోర్ సింక్ జోలికి పోకండి.

మ్యాక్‌లో వెంచురా, ఆ తర్వాతి వెర్షన్లైతే సిస్టమ్ సెట్టింగ్స్, జనరల్, లాగిన్ ఐటమ్స్‌లో అడోబ్ స్విచ్‌లు ఆపేయాలి.

కోపం కొద్దీ ప్రోగ్రామ్ ఫైల్స్‌లోకి వెళ్లి ఫోల్డర్లు డిలీట్ చేయకండి. తర్వాతి అప్‌డేట్ వాటిని తెచ్చి పెట్టేస్తుంది, ఈలోగా ఫొటోషాపే తెరుచుకోకపోవచ్చు. పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడల్లా స్టార్టప్ విభాగం ఒకసారి చూసుకోవడం మంచిది.

అసలు అడోబే వద్దనుకుంటే

ఫొటోషాప్ తీసేసినంత మాత్రాన క్రియేటివ్ క్లౌడ్ పోదు. ముందు అడోబ్ యాప్‌లన్నీ అన్‌ఇన్‌స్టాల్ చేసి, చివర్లో దాన్ని తీయాలి. ఇంకా మొండికేస్తే అడోబ్ సైట్‌లోనే క్లీనర్ టూల్ ఉచితంగా దొరుకుతుంది. అన్నీ తీసేసినా చందా మాత్రం ఆగదు. ఖాతాలోకి వెళ్లి విడిగా రద్దు చేసుకోవాలి, లేదంటే కార్డు నుంచి డబ్బు పోతూనే ఉంటుంది.