వేలిముద్ర వేసే ముందు ఆ కాగితం చదివించుకోండి

మా ఆమదాలవలసలో బావ పోయాక మా అప్ప (అక్క) పని కోసం చెన్నై వెళ్లింది. కొడుకుని అమ్మ దగ్గర ఉంచింది. అమ్మ మంచం పట్టేసరికి, ఎవరో పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేస్తే పిల్లాడిని పిల్లల సంరక్షణ హోమ్‌కి తీసుకెళ్లారు. వాడిని తెచ్చుకునేటప్పుడు తెలిసినవి రాస్తున్నాను. ఇలాంటి ఇళ్లు మా చుట్టుపక్కల చాలా ఉన్నాయి.

హోమ్‌లో ఉంచడం వేరు, బిడ్డను దత్తతకు ఇచ్చేయడం వేరు. రెండింటికీ సంతకం అడుగుతారు. అప్ప ముందు ఒకరు కాగితం పెట్టి "హాస్టల్లో చేర్చినట్టేనమ్మా, వేలిముద్ర వేసెయ్" అన్నారు. అప్పటికే బొటనవేలికి సిరా రాసుకుంది. "ఆగప్పా" అని నేను చదివితే, మూడో లైన్లోనే 'దత్తత నిమిత్తం అప్పగిస్తున్నాను' అని ఉంది. అప్ప ఆ వేలిని కొంగుకి తుడిచేసుకుంది. ఎన్ని ఉతుకులైనా ఆ నీలం మరక పోలేదు.

అలా అప్పగించే పత్రం బాలల సంక్షేమ కమిటీ ఎదుటే రాయాలి. ముందు కౌన్సెలింగ్ ఇవ్వాలి. రాశాక కూడా మనసు మార్చుకోడానికి 60 రోజులు గడువుంది. తెలియక సంతకం పెట్టేసి ఉంటే, ఈ రోజే కమిటీకి వెళ్లి 'నా బిడ్డ నాకు కావాలి' అని రాసివ్వండి. అందినట్టు ముద్ర వేయించుకోండి, అది లేకుండా రాకండి.

హోమ్ వాళ్లతో గొడవ పడకండి. బిడ్డను ఎవరికివ్వాలో తేల్చేది కమిటీయే. అధ్యక్షులు, నలుగురు సభ్యులు ఉంటారు, మేజిస్ట్రేట్‌కుండే అధికారాలు ఉంటాయి. వాళ్లిచ్చిన ఆర్డర్ నకలు అడగండి. బిడ్డను ఎవరి దగ్గర, ఎన్నాళ్లు ఉంచమన్నారో చూడండి. ఒప్పుకోలేకపోతే 30 రోజుల్లో అప్పీలు చేసుకోవాలి.

ఆధార్, రేషన్ కార్డు, పుట్టిన సర్టిఫికెట్‌తో పాటు పాత ఫొటోలూ పట్టుకెళ్లండి. మేము అన్నప్రాశన ఫొటో కూడా చూపించాం. విచారణకు ఇంటికి వస్తే పేదరికం దాచకండి. ఒక్క పేదరికానికే బిడ్డను దూరం చేయకూడదు. భర్త పోయినవాళ్ల పిల్లలకు మిషన్ వాత్సల్య అనే ప్రభుత్వ పథకంలో నెలకు 4,000 రూపాయల సాయం (స్పాన్సర్‌షిప్) ఉంది. పల్లెల్లో ఏడాది ఆదాయం 72,000 దాటకూడదు. దరఖాస్తు ఎక్కడివ్వాలో ఆ రోజే, అక్కడే అడగండి. మేము వారం ఆగి అడిగాం, మళ్లీ బస్సెక్కి శ్రీకాకుళం వెళ్లాల్సొచ్చింది.