పాత ఫోటోలో ఎవరిది ఏ పనో కనిపెట్టడం ఎలా

పాత గ్రూప్ ఫోటో దొరకగానే అందరం ముందు ముఖాలే చూస్తాం, ఆ ముక్కు మా ముత్తాతదే అంటాం. పని కనిపెట్టాలంటే ముఖాలు కాసేపు పక్కన పెట్టండి. ఫోటోని అట్ట నుంచి పీకకుండా 1200 డీపీఐలో (అంగుళానికి అన్ని చుక్కలన్నమాట) స్కాన్ చేయించి, కంప్యూటర్‌లో పెద్దది చేసి, చేతులూ నడుమూ కాళ్ళూ కింద నేలా చూడండి. ఫోన్‌తో తీసిన కాపీలో ఇవి అలుక్కుపోతాయి.

అట్ట మీద అచ్చు ఉందేమో చూడండి. కాకినాడని కోకనాడ అని రాశారంటే ఇంగ్లీషు వాళ్ళ కాలపు అలవాటు. 1925లో పశ్చిమ గోదావరి ఏర్పడ్డాకే పాత గోదావరి జిల్లా తూర్పు గోదావరి అయింది కాబట్టి, తూర్పూ పడమరా లేకుండా ఒట్టి గోదావరి జిల్లా అని ఉంటే చాలావరకు అంతకు ముందుదే. ఇంకో సంగతి, నెగటివ్ తిరగేసి ప్రింటు వేస్తే బొమ్మలో వాళ్ళందరూ ఎడంచేతి వాటం వాళ్ళయిపోతారు. ఆడవాళ్ళ పైటలూ మగవాళ్ళ జంధ్యాలూ అన్నీ కుడి భుజం మీదే ఉంటే అనుమానించండి.

ఇక పనిముట్లు. చేతిలో ఉన్న ఒక్క వస్తువుని చూసి తేల్చేయొద్దు, దానికి రెండో సాక్ష్యం కావాలి. అప్పట్లో పోస్టుకార్డుల కోసం స్టూడియోలో మనుషుల్ని కూర్చోబెట్టి, సామాను చేతికిచ్చి తీసిన బొమ్మలు బోలెడు. వెనక రంగుల పరదా, కింద చాప, చేతిలో కొయ్య చెక్కే బాడిస, అదీ అరగని కొత్తది కనిపిస్తే అతను వడ్రంగే అయ్యుండొచ్చు, లేదా ఆ పూటకి వడ్రంగి అయ్యుండొచ్చు. అదే బాడిస పట్టుకున్నవాడి వెనక పడవ పక్కటెముకల్లాంటి కొయ్యలు నిలబడి ఉంటే పడవలు కట్టేవాడు, తాళ్ళరేవు వైపు ఫోటో అయితే మరీనూ.

మన గోదావరి డెల్టాలో తికమక పెట్టేవి కొన్ని ఉన్నాయి. తాడు కనిపించగానే కల్లుగీత అనేస్తారు. గీతగాడికి నడుముకి మోకు, దగ్గర్లో కత్తీ కుండలూ ఉంటాయి. కుండ లేకుండా కత్తి ఒకటే ఉండి, పక్కన కొబ్బరికాయల రాశి ఉంటే దింపు కార్మికుడు. ఆ రాశి పక్కనే నేలలో పాతిన గునపం కనిపిస్తే అక్కడున్నవాడిది ఒలుపు. కాలవ గట్టు మీద నలుగురైదుగురు తాడు భుజాన వేసుకుని ముందుకి వంగి ఉంటే పడవ లాగేవాళ్ళు, పడవలో పొడవాటి గెడ పట్టుకున్నవాడు వాళ్ళ జట్టే. లాకుల దగ్గర తీసిన ఫోటోలో ఛాతీ మీద ఇత్తడి బిళ్ళ మెరుస్తుంటే కూలీ అనుకోకండి, లస్కరో బంట్రోతో, అంటే సర్కారు మనిషి.

కంసాలికీ కమ్మరికీ కొట్టడానికి కింద పెట్టుకునే ఇనప దిమ్మ, అంటే దాకలి ఉంటుంది, పట్టుకారూ ఉంటుంది. తేడా సైజులో తెలుస్తుంది. కుంపటీ ఊదుగొట్టం ఉంటే బంగారం పని, తోలుతిత్తీ సమ్మెటా ఉంటే ఇనుం పని.

ఆడవాళ్ళ దగ్గరికొచ్చేసరికి చాలామంది ఊరికే కూర్చున్నారు అని రాసేస్తారు, నాకు అక్కడే ఒళ్ళు మండుతుంది. నరసాపురం చుట్టుపక్కల లేసు అల్లే ఆడవాళ్ళ చేతిలో ఉండేది సన్నటి కొక్కెం సూది, పాత ప్రింటులో అది కనపడదు. వేళ్ళు చూడండి, చూపుడువేలికి దారం చుట్టి ఉందా, ఒళ్ళో తెల్లటి ఉండ ఉందా. నేతలోనూ అంతే, మగ్గం ముందు కూర్చున్న మగాణ్ణి గుర్తుపట్టి, వెనక కండెలకి నూలు చుడుతున్న ఆవిణ్ణి వదిలేస్తారు. ఆవిడ చుట్టకపోతే మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడెలో ఆయన పెట్టడానికి ఏముంటుంది?

కోటూ తలపాగా వేసుకుని గొడుగు పట్టుకుని కుర్చీలో ఉన్నాయన సాధారణంగా మేస్త్రీ, లేదా కంట్రాక్టరు. ఒకే ఫోటోలో వడ్రంగి, కమ్మరి, తాపీ మనిషి కలిసి కనిపిస్తే పెద్ద కట్టుబడి పనో వర్క్‌షాపో అని ఆలోచించండి. ధవళేశ్వరం ఆనకట్ట 1852కే పూర్తయినా మరమ్మతులూ లాకుల పనులూ ఆ తర్వాత కూడా సాగుతూనే ఉన్నాయి, అందుకని ఆనకట్ట కనపడినంత మాత్రాన కాటన్ దొర కాలం ఫోటో అని చెప్పేయకండి.

ఇంటిపేరూ కులమూ చూసి పని రాయడం మాత్రం వద్దు. తండ్రి మగ్గం నేస్తే కొడుకు కాకినాడ రేవులో బస్తాలు మోసి ఉండొచ్చు.

ఇంత చూశాక ఊళ్ళో పెద్దవాళ్ళకి చూపించండి. చూపించేటప్పుడు మీ ఊహ బయటపెట్టొద్దు. “ఈయన వడ్రంగే కదా తాతయ్యా” అంటే ఆయన “ఆఁ, అవునవును” అనేసి ఊరుకుంటాడు. “ఇదేంటి తాతయ్యా ఈయన చేతిలో” అని అడిగి, ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేసి, మధ్యలో అడ్డురాకుండా వినండి.