ధ్రువపు చలి తీరానికి చేరేలోగా

సముద్రతీరంలో చలి సాధారణంగా మితంగానే ఉంటుంది కాబట్టి, అక్కడి ఇళ్లలో చాలావాటిని గడ్డకట్టే చలిని దృష్టిలో పెట్టుకుని కట్టరు. అందుకే ధ్రువ ప్రాంతం నుంచి తీవ్రమైన చలి రాబోతోందన్న హెచ్చరిక వెలువడగానే ముందుగా నీటి గొట్టాల సంగతి చూసుకోవాలి. నీరు గడ్డకట్టేటప్పుడు పరిమాణంలో సుమారు 9 శాతం పెరుగుతుంది, ఆ ఒత్తిడికి గొట్టం పగులుతుంది. బయటి గోడల వెంట వెళ్లే గొట్టాలకు మందపాటి గుడ్డ చుట్టి, రాత్రంతా కుళాయి నుంచి సన్నని ధార జారేలా వదలండి. నీటిని మొత్తంగా కట్టేసే వాల్వు ఎక్కడుందో ఇంట్లో అందరికీ చూపించండి.

అంతకన్నా ప్రాణాంతకమైనది మరొకటి ఉంది. కరెంటు పోయిందని బొగ్గుల కుంపటిని గదిలో వెలిగించడం, జనరేటర్‌ను గ్యారేజీలో నడపడం ఎంతమాత్రం తగదు. వాటి నుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు రంగూ వాసనా ఉండవు, నిద్రలో ఉన్నవారి ప్రాణం తెలియకుండానే తీస్తుంది. జనరేటర్ ఆరుబయట, ఇంటికి కనీసం 6 మీటర్ల దూరంలో ఉండాలి.

పగలు కరిగిన మంచు రాత్రికి అద్దంలా గట్టిపడుతుంది. మెట్ల మీద తడిలా మెరిసేది మంచుపొరే కావచ్చు, ఇసుక చల్లాకే అడుగు వేయండి. తడిసిన మేజోళ్లను వెంటనే మార్చుకోవాలి. మందులు, దుప్పట్లు, టార్చిలైటు చేతికందేచోట ఉంచండి.

ఒంటరిగా ఉండే వృద్ధులకు ఫోను చేసి ఊరుకోకండి; వీలైతే స్వయంగా వెళ్లి, గది వెచ్చగా ఉందో లేదో చూసి రండి.