సమతౌల్య ధర కుదరడం లేదా? తప్పు ఎక్కడుందో ఇలా పట్టుకోండి

డిమాండ్ మిగిలితే ధర పెంచు, సరుకు మిగిలితే దించు, రెండూ సమానమయ్యే ధర (అదే సమతౌల్య ధర) దొరికేదాకా ఇదే చెయ్యి. ఆర్థికవేత్త వాల్రాస్ చెప్పిన ఈ పద్ధతికి కోడ్ పది లైన్లే, కానీ రన్ చేస్తే ధరలు ఒక్కోసారి ఎంతకీ నిలవవు.

అన్ని మార్కెట్లనీ కలిపి లెక్కిస్తుంటే ముందు ఒక్కటి చూడండి. ప్రతి వస్తువు ధరని దాని అదనపు డిమాండ్‌తో (డిమాండ్‌లోంచి సప్లై తీసేస్తే వచ్చేది) గుణించి అన్నీ కూడితే, ధరలు ఏవైనా సరే, సున్నా రావాలి. రాకపోతే తప్పు మీ డిమాండ్ ఫంక్షన్‌లోనే ఉంది. నేనైతే రెండు రోజులు స్టెప్ సైజు (ప్రతిసారీ ధర మార్చేందుకు అదనపు డిమాండ్‌ని గుణించే సంఖ్య) మారుస్తూ కూర్చున్నాను, చివరికి చూస్తే ఒక వినియోగదారుడి ఆదాయాన్ని పాత ధరలతో లెక్కగడుతున్నాను.

ధర ఊగుతూ ఊగుతూ ఇంకా దూరం పోతోందా?

స్టెప్ పెద్దదైంది. ఒకే మార్కెట్ తీసుకోండి: ధర p అయితే డిమాండ్ 100-2p, సప్లై 10+4p, సమతౌల్య ధర 15. స్టెప్ 0.4 పెట్టి 14 దగ్గర మొదలుపెడితే 16.4, 13.04, 17.744 అంటూ చెదిరిపోతుంది. అదే 0.1 పెడితే 14.6, 14.84, 14.936 అని బుద్ధిగా దగ్గరికొస్తుంది. ఇక్కడ స్టెప్ 1/3 కంటే తక్కువుంటే చాలు.

స్టెప్ ఎంత తగ్గించినా గుండ్రంగా తిరుగుతోందా?

అప్పుడు కోడ్‌ని అనుమానించకండి. 1960లో ఆర్థికవేత్త స్కార్ఫ్ మూడు వస్తువులు, ముగ్గురు మనుషులతో ఒక ఉదాహరణ చూపించాడు: ఒక్కొక్కరి దగ్గర ఒక్కో వస్తువే ఉంటుంది, ప్రతివాళ్ళకీ ఏవో రెండు వస్తువులు జోడుగానే, చెప్పుల జతలా, కావాలి. మూడు ధరలూ సమానమైతే సమతౌల్యమే, అయినా ఈ పద్ధతి అక్కడికి చేరదు, దాని చుట్టూ తిరుగుతూనే ఉంటుంది. ఒకదాని ధర పెరిగితే మిగతావాటన్నిటికీ డిమాండ్ పెరిగే మార్కెట్లలో ఇది చేరుతుందన్న భరోసా ఉంది. అలాంటి భరోసా లేక ఇలా తిరుగుతుంటే పద్ధతి మార్చాల్సిందే: 1967లో స్కార్ఫే ఇచ్చిన, ధరల త్రిభుజాన్ని ముక్కలు చేసి వెతికే అల్గారిథమ్, లేదా అదనపు డిమాండ్ ధరలతో ఎలా మారుతుందో చూసి తర్వాతి ధరలు లెక్కగట్టే న్యూటన్ పద్ధతి.

న్యూటన్ వాడితే మాట్రిక్స్ సింగ్యులర్ (అంటే దానికి విలోమం లేదు) అంటోందా?

ధరలన్నీ రెట్టింపు చేసినా డిమాండ్ మారదు కదా, అందుకే. ఒక వస్తువు ధరని 1 దగ్గర కట్టేసి, దాని సమీకరణాన్ని తీసేయండి.

ధర మైనస్‌లోకి పోతోందా? ధర బదులు దాని లాగరిథమ్‌ని మారుస్తూ పోండి.