డ్రయ్యర్ గాలి పైపును గోడలోంచి బయటికి తీయడం ఎలా?

కార్తీకంలో నెల్లూరు ఇళ్లలో దండెం మీది బట్టలు ఒక పట్టాన ఆరవు. ఒక వాయుగుండం తీరం దాటేలోపే ఇంకోటి పట్టుకుంటుంది. ఆ బాధ పడలేక డ్రయ్యర్ కొన్నవాళ్లలో చాలామంది దాని పైపును కిటికీలోంచి వేలాడదీసి ఊరుకుంటారు. ఆ సందులోంచి దోమలు, జల్లు రెండూ లోపలికొస్తాయి. గోడకు కన్నం వేయించుకోవడమే మేలు.

ముందు మెషీన్ వెనక చూడండి. నాలుగంగుళాల గుండ్రటి రంధ్రం ఉంటే అది వేడిగాలిని బయటికి వదిలే రకం. నీళ్లు పట్టే ట్యాంకు ఉన్నది కండెన్సర్ రకం, దానికి ఈ పనే అక్కర్లేదు.

తర్వాత ఏ గోడకు పెట్టాలన్నది. మనకు పెద్ద వానలన్నీ ఈశాన్య రుతుపవనాలవే కాబట్టి తూర్పు, ఉత్తరం గోడలు వీలైతే వదిలేయండి. ఇది వాస్తు కాదు, జల్లు లెక్క. గ్రౌండ్ ఫ్లోర్ అయితే బయటి నేలకు కనీసం అడుగు ఎత్తున ఉండాలి. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో గుర్తున్నవాళ్లు ఇంకాస్త పైకే పెట్టిస్తారు. మెట్ల కిందకో, బాత్‌రూమ్ షాఫ్ట్‌లోకో వదలొద్దు, అక్కడ తేమ పట్టి గోడ బూజెక్కుతుంది.

కన్నం కోర్ కటింగ్ మిషన్‌తోనే, అంటే గోడను గుండ్రంగా కోసే మిషన్‌తోనే వేయించండి. సుత్తి, ఉలితో కొడితే బయట ప్లాస్టరింగ్ పెచ్చులుగా ఊడుతుంది. ఏసీ పైపులకు వాడే బిట్ దీనికి చాలదు, నాలుగున్నర అంగుళాలది ఉందా అని ఫోన్‌లోనే అడగండి. బయట చీమకుర్తి గ్రానైట్ అంటించి ఉంటే ఆ సంగతీ చెప్పండి, డైమండ్ బిట్ తెచ్చుకుంటారు. బీము, పిల్లర్ జోలికి పోవద్దు. స్విచ్ బోర్డుకు నిట్టనిలువుగా పైనా కిందా గోడలో వైర్లు ఉంటాయి, అక్కడా వద్దు.

అసలు కిటుకు వాలులో ఉంది. తొమ్మిదంగుళాల గోడకు బయటి వైపు పావంగుళం కిందికి ఉండేలా కోయించాలి. బిట్ పెట్టేముందే లెవెల్ పెట్టి చూపించమనండి, కోశాక సరిచేయడం కుదరదు. వాలు లేకపోతే పైపులో చేరిన తేమ, బయటి నుంచి కొట్టిన జల్లు మెషీన్‌లోకి దిగుతాయి.

గోడలోకి అల్యూమినియం గొట్టం వాడండి. మైపాడు, కొత్తపట్నం లాంటి తీరపు ఊళ్లలో ఉప్పుగాలికి ఇనుము నిలవదు. ప్లాస్టిక్ ముడతల పైపు అసలే వద్దు. బట్టల నుంచి రాలే నూగు ఆ ముడతల్లో పేరుకుంటుంది, వేడికి అంటుకుంటే పైపు కూడా కాలుతుంది. అతుకుల దగ్గర మెషీన్ వైపు గొట్టం అవతలి గొట్టంలోకి దూరాలి. పైన అల్యూమినియం టేపు చుట్టండి. స్క్రూ కొడితే దాని మొన లోపలికి పొడుచుకొచ్చి నూగును పట్టేస్తుంది. వంపులు ఎంత తక్కువుంటే గాలి అంత బాగా పోతుంది.

బయట రెక్క తలుపున్న మూత బిగించండి. బల్లులు, పిచ్చుకలు దూరతాయని జాలీ కొట్టమంటారు కొందరు. వద్దు, కొన్నాళ్లకే నూగుతో మూసుకుపోతుంది. రెక్క ఉంటే చాలు, మెషీన్ ఆగగానే అదే కిందికి వాలి మూసుకుంటుంది. మూత చుట్టూ పైన, రెండు పక్కలా సిలికాన్ పూయండి. కింది అంచు వదిలేస్తే లోపలికి చేరిన చుక్క అటే జారిపోతుంది. గోడకూ గొట్టానికీ మధ్య సందును మాత్రం రెండు వైపులా మూసేయండి.

మెషీన్ వెనక్కి తోసేటప్పుడు పైపు నలగకుండా చూసుకోండి. ఆన్ చేసి బయటికెళ్లి చూస్తే రెక్క పూర్తిగా లేవాలి, చేతికి వెచ్చటి తడిగాలి తగలాలి. సగమే లేస్తే పైపు ఎక్కడో నలిగిందనో, గది తలుపులన్నీ బిగించి ఉన్నాయనో అర్థం. బయటికి పోయినంత గాలి లోపలికి రావాలి కదా, తలుపు ఓరగా తీసి ఉంచండి.

లోపలి నూగు జల్లెడను బట్టలు వేసిన ప్రతిసారీ తుడవాలి. ఏటా వినాయక చవితి దాటాక, వానలు ముదరకముందే, ప్లగ్ తీసి పైపు మొత్తం విప్పి పొడుగు బ్రష్‌తో దులపండి.