టూ-స్ట్రోక్ ఎండ్యూరో బండి మొరాయించినప్పుడు: లక్షణం, కారణం, పరిష్కారం

నూరు కిలోలకు అటూ ఇటూగా బరువుండి, క్రాంకు తిరిగిన ప్రతిసారీ ఒక పవర్ స్ట్రోక్ ఇచ్చే తేలికపాటి టూ-స్ట్రోక్ ఎండ్యూరో బండి ఇసుకలో, రాళ్లలో, కొండబాటల్లో ఆగుతూ సాగుతూ నడపడానికి తయారైనది. విజయనగరం, శ్రీకాకుళం వైపు ఈ బండ్లు నడిపే మిత్రులు నాకు చెప్పే సమస్యల్లో చాలా వాటికి మూలం విరిగిన భాగంలో కాక, బండిని ఎక్కడ, ఎలా నడిపారన్న దానిలోనే ఉంటోంది. అందుకే రెంచి పట్టుకునే ముందు ఆ ప్రశ్న అడగడం నాకు అలవాటైంది.

ఘాట్ దిగుతుండగా ఇంజిన్ పట్టేయడం

దిగుడులో యాక్సిలరేటర్ పూర్తిగా మూసి, బండిని గేరులోనే వదిలి వస్తున్నప్పుడు, ఎవరో వెనక నుంచి పట్టి లాగినట్టు వేగం ఒక్కసారిగా పడిపోతుంది. సన్నని కీచు శబ్దం వస్తుంది. ఆ వెంటనే వెనక చక్రం బిగుసుకుపోతుంది. అనంతగిరి నుంచి శృంగవరపుకోటకు దిగే ఘాట్ రోడ్డులో నాకు ఇదే జరిగింది. ఎడమచేతి వేళ్లు క్లచ్ మీదే ఉండబట్టి మలుపులో పడకుండా నిలబడగలిగాను. అరగంట చల్లారాక కిక్కు దిగింది, నెమ్మదిగా ఇల్లు చేరాను, కానీ మర్నాడు సైలెన్సర్ విప్పి ఎగ్జాస్ట్ రంధ్రం గుండా టార్చి వేసి చూస్తే పిస్టన్ మీద నిలువుగా బూడిదరంగు గీతలు, సిలిండర్ గోడకు చింతగింజంత మేర అతుక్కున్న అల్యూమినియం కనిపించాయి.

పెట్రోల్‌లో ఆయిల్ కలిపి పోసే ఇంజిన్‌కు పెట్రోల్ వెళితేనే ఆయిల్ వెళుతుంది. యాక్సిలరేటర్ మూసి దిగుతున్నంతసేపూ చక్రం ఇంజిన్‌ను వేగంగా తిప్పుతూనే ఉంటుంది గానీ, లోపలికి పెట్రోల్ గాని, దానితో పాటు రావలసిన ఆయిల్ గాని దాదాపు అందదు. నాలుగు-స్ట్రోక్ బండి మీద నేర్చుకున్న ఇంజిన్ బ్రేకు అలవాటు ఇక్కడ పిస్టన్‌ను తినేస్తుంది. పరిష్కారం చేతిలోనే ఉంది: దిగుడులో ప్రతి కొన్ని సెకన్లకు ఒకసారి క్లచ్ పట్టి యాక్సిలరేటర్‌ను చిన్నగా విదిలించాలి, వేగాన్ని బ్రేకులతోనే అదుపు చేయాలి. వేరే ట్యాంకు నుంచి పంపు ద్వారా ఆయిల్ అందే బండ్లలో ఈ ప్రమాదం కొంత తక్కువ.

ఒకసారి పట్టేసిన ఇంజిన్‌ను వేడి మీద కిక్కు కొట్టి తిప్పకూడదు. మరమ్మతు దగ్గర మన ప్రాంతంలో జరిగే ఒక పొరపాటును ప్రత్యేకంగా చెప్పాలి. మన పాత మెకానిక్‌లలో చాలామంది టూ-స్ట్రోక్ పనిని యమహా ఆర్‌ఎక్స్ 100 బండి మీద నేర్చుకున్నారు. దానికి ఇనుప స్లీవ్ ఉంటుంది కనుక లేత్ షాపులో బోరు కొట్టించి ఓవర్‌సైజ్ పిస్టన్ వేస్తే బండి మళ్లీ కొత్తదవుతుంది. ఈ తరం ఎండ్యూరో బండ్ల సిలిండర్ మాత్రం అల్యూమినియం, దాని లోపల నికాసిల్ అనే గట్టి పూత పలుచగా ఉంటుంది. బోరు కట్టర్ పెడితే ఆ పూత పోతుంది, దానితో సిలిండరూ పోతుంది. అతుక్కున్న అల్యూమినియాన్ని యాసిడ్‌లో ముంచిన దూదిపుల్లతో, పోర్టుల, అంటే సిలిండర్ గోడలోని రంధ్రాల అంచులకు తగలకుండా, ఓపికగా కరిగించి కడిగాక గోరుతో తడిమి చూడాలి. గోరు ఎక్కడా తట్టుకోకపోతే కొత్త పిస్టన్, రింగులు వేస్తే చాలు. గాడి తగిలితే మాత్రం పూత మళ్లీ వేయించడం లేదా సిలిండర్ మార్చడం తప్ప దారి లేదు. నా బండికి అదృష్టవశాత్తూ పిస్టన్‌తోనే సరిపోయింది.

యాక్సిలరేటర్ వదిలినా రేజింగ్ తగ్గకపోవడం

ఇంజిన్ పట్టేయడానికి ముందు వచ్చే హెచ్చరిక ఇదే కనుక దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. పెట్రోల్ తక్కువ, గాలి ఎక్కువ అయినప్పుడు రేజింగ్ పైనే వేలాడుతుంది, గట్టిగా లాగితే లోపల గులకరాళ్లు కదిలినట్టు శబ్దం వస్తుంది. ముందుగా కార్బొరేటర్‌కు, ఇంజిన్‌కు మధ్య ఉన్న రబ్బరు గొట్టం మీద, ఇంజిన్ తిరుగుతుండగా, సబ్బునీళ్లు చిలకరించండి. రేజింగ్ మారితే గాలి అక్కడే చొరబడుతున్నట్టు. అక్కడ తేడా లేకపోతే మాగ్నెటో వైపు క్రాంకు ఆయిల్ సీల్‌ను అనుమానించాలి. రెండో వైపు, అంటే క్లచ్ వైపు సీల్ పోతే లక్షణం వేరుగా ఉంటుంది. తెల్లటి పొగ ఆగకుండా వస్తుంది, గేరు ఆయిల్ ఎక్కడా కారకుండానే తగ్గిపోతుంది.

గాలి చొరబాటు లేకపోయినా రేజింగ్ వేలాడుతుంటే కార్బొరేటర్‌లో పెట్రోల్‌ను కొలిచి వదిలే చిన్న రంధ్రాలను, అంటే జెట్‌లను చూడాలి. సుమారు 900 మీటర్ల ఎత్తున్న అరకులో బాగా నడిచేటట్టు సరిచేసిన కార్బొరేటర్, గాలి చిక్కగా ఉండే కళింగపట్నం తీరానికి వచ్చేసరికి పెట్రోల్ చాలక ఇబ్బంది పడుతుంది, డిసెంబరు తెల్లవారుజామున మరింతగా. ఇప్పుడు బంకుల్లో దొరికే 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్ కూడా అదే వైపు నెడుతుంది కనుక, దానికి ముందు రోజుల లెక్కతో బిగించిన మెయిన్ జెట్‌ను ఒక మెట్టు పెంచడం మంచిది. ఆయిల్ ఎక్కువ పోస్తే ఇంజిన్‌కు రక్ష అని కొందరు అంచనాగా ఒంపేస్తారు. ఆయిల్ పెరిగిన కొద్దీ అదే జెట్ గుండా వెళ్లే పెట్రోల్ తగ్గుతుందని వారు గమనించరు. 50కి 1 పాళ్లయితే లీటరుకు 20 మిల్లీలీటర్లు, 40కి 1 అయితే 25. తయారీదారు చెప్పిన పాళ్లను కొలత గ్లాసుతోనే పోయండి.

కిక్కు తేలికైపోవడం, బలం రోజురోజుకూ తగ్గడం

వంశధార ఇసుకలోనో సముద్రతీరంలోనో ఎక్కువగా తిప్పే బండికి ఇది తప్పకుండా వచ్చే సమస్య. ఫిల్టర్ తీసి, దాని వెనక ఉన్న గొట్టం లోపల వేలు తిప్పి, ఆ వేలిని బొటనవేలికి రుద్ది చూడండి. గరగర తగిలితే ఇసుక లోపలికి వెళ్లింది, రింగులు అరుగుతున్నాయి. స్పాంజి ఫిల్టర్‌ను ప్రతి ఇసుక ప్రయాణం తర్వాతా కిరోసిన్‌లో, ఆపై సబ్బునీళ్లలో కడిగి, నీడలో ఆరబెట్టి, ఫిల్టర్ ఆయిల్‌ను స్పాంజి అంతటా ఇంకేలా పిండి, అంచుకు గ్రీజు పూసి బిగించాలి. పెట్రోల్‌తో కడిగితే స్పాంజి అతుకులు ఊడిపోతాయి. ఆయిల్ పట్టించిన ఇంకో ఫిల్టర్‌ను పాలిథిన్ సంచిలో కట్టి వెంట ఉంచుకుంటే రెండో రోజు ప్రయాణం ఆగదు.

తక్కువ వేగంలో గుక్కపట్టడం, సైలెన్సర్ నుంచి నల్లటి జిడ్డు

విజయనగరం గంటస్తంభం చుట్టూ రద్దీలో రోజూ తిరిగితే ఏ టూ-స్ట్రోక్ ఎండ్యూరో అయినా జిడ్డు కక్కుతుంది, అది రోగం కాదు. కొండబాట మీద గట్టిగా నడిపిన తర్వాత కూడా తగ్గకపోతే కార్బొరేటర్‌లో పెట్రోల్‌ను అదుపు చేసే సూది (నీడిల్) క్లిప్‌ను ఒక గాడి పైకి జరిపి నీడిల్‌ను దించాలి. మధ్య వేగంలో పికప్ అందకపోతే, వేగాన్ని బట్టి ఎగ్జాస్ట్ రంధ్రం ఎత్తును మార్చే పవర్ వాల్వ్‌కు మసి పట్టి ఇరుక్కుని ఉంటుంది, విప్పి శుభ్రం చేయాలి. ఇంజిన్‌లోకి వెళ్లిన గాలి, పెట్రోల్ వెనక్కి రాకుండా ఆపే రీడ్ వాల్వ్ రేకులను వెలుతురుకు ఎత్తి చూసి, సందు కనిపించినా అంచు చిట్లినా మార్చేయాలి.

వానాకాలంలో నిలిపి ఉంచిన బండి స్టార్ట్ కాకపోవడం

ప్లగ్ విప్పి చూడండి. తడిసి ఉంటే పెట్రోల్ కుళాయి కట్టి, ప్లగ్ లేకుండానే యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పదిసార్లు కిక్కు కొట్టి, ఆరిన ప్లగ్ పెట్టాలి. పొడిగా ఉంటే, తక్కువ వేగంలో పెట్రోల్ ఇచ్చే పైలట్ జెట్ మూసుకుపోయినట్టే. ఇథనాల్ మన తీరప్రాంతపు తేమను పీల్చుకుంటుంది, నెలలు నిలిచిన ట్యాంకులో నీరు అడుగుకు చేరుతుంది. తుపానుల కాలంలో బండి కదలదని తెలిస్తే ట్యాంకును, కార్బొరేటర్ గిన్నెను ఖాళీ చేసి ఉంచడం మేలు.

హైవే మీద చేతులు తిమ్మిరెక్కడం, ఆగినప్పుడు కాలు అందకపోవడం

విశాఖపట్నానికి 16వ నంబరు జాతీయ రహదారి మీద రోజూ వెళ్లాలనుకునేవారు ఈ వణుకుకు, చిన్న ట్యాంకుకు మందు వెతకవద్దు. ఒకే వేగంతో గంటల తరబడి పరుగెత్తడం ఈ బండి పని కాదు, పైగా వీటిలో చాలా వాటికి రోడ్డు రిజిస్ట్రేషన్ ఉండదు. వారాంతంలో బొలెరోలో ఎక్కించుకుని వెళ్లి కొండ కింద దించుకునేవారికి, పడిన బండిని ఒంటరిగా లేపుకోవాల్సి వచ్చేవారికి, ఇంజిన్ విప్పి చూడడంలో ఆనందం ఉన్నవారికి ఇది సరైనది. పొట్టివారికి సాధారణ ఎండ్యూరోల కంటే కాస్త తక్కువ సీటు ఎత్తుతో వచ్చే బీటా ఎక్స్‌ట్రైనర్ 300 వంటివి నయం. కాలు అందకపోవడానికి సీటు ఒక్కటే కారణం కాదు. ఈ బండ్లలో చాలా వాటికి కంపెనీ స్ప్రింగ్ దాదాపు 75 నుంచి 85 కిలోల మనిషిని లెక్కలోకి తీసుకుని వస్తుంది. 60 కిలోల మనిషి కూర్చుంటే అది చాలినంత కుంగదు, బండి ఎత్తుగా నిలిచి రాళ్ల మీద ఎగిరెగిరి పడుతుంది. హెల్మెట్, బూట్లతో సహా కూర్చుని వెనక భాగం ఎంత దిగుతుందో టేపుతో కొలిపించుకోండి. 10 సెంటీమీటర్లకు బాగా తక్కువైతే సీటు స్పాంజి కోయించే ముందు మెత్తటి స్ప్రింగ్ వేయించండి.